అన్న మద్దెల, ఎడమ వైపు మోత

అన్నకు,

జపాన్ నుంచి రమణమ్మ దండాలు. నేను బాగున్నాను, నిజంగానే బాగున్నాను. నువ్వు, వదిన, పిల్లలు ఎలా ఉన్నారు? వేంపల్లెలో వాన పడిందట, శనక్కాయ విత్తనం వేశారా? ఫోన్ చేస్తే నువ్వు "బాగుండాములేమ్మా, మీ వదినతో మాట్లాడు" అని తప్పించుకుంటావు. అందుకే ఈ కాగితం.

ఇక్కడ వాన పట్టిందంటే వదలదు, ఉతికిన బట్టలు ఆరవు. వృద్ధాశ్రమంలో పని అలవాటైంది. ముసలివాళ్లకు స్నానాలు చేయించడం, తినిపించడం, పక్కలు మార్చడం. తిండిలో కారం లేకపోవడమే కష్టం, వదినను శనక్కాయల పొడి పంపమను. సాయంత్రం గదికి వస్తే మాట్లాడే దిక్కుండదు, ఏడుపొస్తుంది. రోజూ కాదులే, దిగులుపడకు.

ఒక సంగతి చెప్తాను, నవ్వుకో. నేను చూసుకునే అవ్వ ఒకామె ఎవరితోనూ మాట్లాడదు. ఆమె అలమరలో నల్లకళ్లద్దాల మనిషి ఫొటో, దాని ముందు పువ్వు, కప్పులో టీ. చనిపోయిన భర్త కాబోలు అనుకున్నాను. గురువారం దుమ్ము తుడుస్తూ, ఆయన నొసలు బోడిగా ఉండటం చూడలేక, కుంకుమ బొట్టు పెట్టి దండం పెట్టుకున్నాను. అవ్వ కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. అది పాటల రికార్డు అట్ట. ఆయన బేస్ గిటారు వాయించే జపాన్ ఆయన, బతికే ఉన్నాడట. టీ అవ్వ తాగడానికి పెట్టుకున్నది.

అప్పటినుంచి పని అయ్యాక ఆయన రికార్డులు వినిపిస్తోంది. జాజ్ ఫ్యూజన్ అంటారట. మొదట నాకు బూరలు, పియానో తప్ప ఏమీ వినపడలేదు. అవ్వ నా అరచేతిని స్పీకరుకు ఆనించింది. అడుగున ఒక మోత అన్నా, మోత బరువుగా రావడానికి రవ్వ ముద్ద అద్దిన నీ మద్దెల ఎడమ వైపులాగే. చిన్నప్పుడు భజనలో నీ వీపుకు ఆనుకుని నిద్రపోయేదాన్ని కదా, అదే మోత ఒంట్లోకి వచ్చింది. తర్వాత అవ్వ ఆ అడుగు మోతను, బేస్ అంటారట, పూర్తిగా తగ్గించింది. పాట వస్తూనే ఉంది, ఉప్పు లేని సంగటిలా.

అప్పుడు నీ మీద కోపం వచ్చింది. భజన కుర్రాళ్లు కరెంటు దరువుల ప్యాడ్ మిషను కొని, "యాడ ఇనపడతాది మామా నీ మద్దెల, ప్యాడ్ ఉండాది గదా" అన్నారని భజనకు పోవడమే మానేస్తావా? మద్దెలను అటకెక్కించావట, గుడికి ఇచ్చేస్తానంటున్నావట. వదిన అంతా చెప్పింది. ఇవ్వొద్దు.

మా అన్న కూడా ఇలాగే వాయిస్తాడని అవ్వకు గొప్పగా చెప్పాను. వినిపించమంది. ఫోనంతా వెతికాను. పెళ్లిళ్లు, అన్నదానాలు, పిల్లల చిందులు అన్నీ ఉన్నాయి, నీ మద్దెల ఒక్కచోటా లేదు. నాన్న వాయించింది ఎవరమూ రికార్డు చేసుకోలేదు. ఆయన చేతి మోత ఎలా ఉండేదో నాకిప్పుడు సరిగా గుర్తు రావడం లేదన్నా. భయమేస్తోంది.

మద్దెల దించు. ఫోను ఎడమ వైపు పెట్టి, ఎవరినీ పాడనివ్వకుండా, నువ్వొక్కడివే కాసేపు వాయించి పంపు. తప్పులు పోయినా పర్వాలేదు. అవ్వకు తర్వాత వినిపిస్తాను. ముందు నేను వింటాను.

పెద్దమ్మకు నా దండాలు, పిల్లలకు ముద్దులు.

నీ దీవెన కోరే
చెల్లెలు రమణమ్మ