లచ్చీ, బస్సు పోతాండాది

అన్నా,

ఎలా ఉన్నావు అని అలవాటు కొద్దీ అడుగుతున్నాను. నువ్వు పోయి తొమ్మిది నెలలైంది. నేను బాగానే ఉన్నాను... అంటే, పొద్దున లేస్తున్నాను, పనికి పోతున్నాను, వస్తున్నాను. అంతకంటే బాగుండటం ఇప్పుడు నా వల్ల కావడం లేదు.

జీన్స్ ప్యాంట్ల పని అలాగే ఉంది. రోజంతా జేబులు కుట్టడమే. సాయంత్రానికి వేళ్లకు నీలం రంగు, నడుముకు నొప్పి. వదిన కుడతినిలోనే ఉంది. కంపెనీ క్వార్టర్ ఖాళీ చేసి, దగ్గర్లోనే చిన్న ఇల్లు చూసుకుంది. పవర్ ప్లాంటులో నీ షిఫ్టుకు ఎవరో కొత్తాయన వచ్చాడట. మంచివాడేనట. వదినే చెప్పింది.

సరే, అసలు సంగతి చెప్తాను. 'ఎర్రదుమ్ము' వాళ్లు మళ్లీ కలిశారు.

నీకు గుర్తు లేకపోవడమేమిటి? అయిదుగురు బళ్లారి కాలేజీ కుర్రాళ్లు, గిటార్లూ డ్రమ్ములూ పెట్టుకుని మన యాసలో పాటలు కట్టుకుని అరిచేవాళ్లు. నాకప్పుడు పద్నాలుగేళ్లు. ఆ పిచ్చి నాదే, నీది కాదు. నీకు ఆ పాటలు గిట్టేవే కావు. "ఏంది మే ఇది, పాటనా, రేకుల షెడ్డు మీద రాళ్లు యేస్తాండారా?" అనేవాడివి. అయినా నేను రెండు రోజులు అన్నం మానేసేసరికి, చెల్లెలిని కళ్ల డాక్టరుకు చూపిస్తానని ఇంట్లో అబద్ధం చెప్పి, మన రూపనగుడిలో బస్సెక్కించి బళ్లారికి తీసుకొచ్చావు.

ఆ సాయంత్రం కాలేజీ మైదానంలో నేను స్టేజీకి ఆనుకుని నిలబడ్డాను. నువ్వు గేటు దగ్గర నిలబడ్డావు. పాట కోసం కాదు, మన ఊరి ఆఖరి బస్సు కోసం. నీ బతుకంతా అంతే కదా అన్నా... నా పెళ్లిలోనూ అంతే, మీ పిల్లోడి పెళ్లిలోనూ అంతే. అందరూ లోపల నవ్వుకుంటూ ఉంటే నువ్వు బయట నిలబడి ఎవరు వచ్చారు, ఎవరు పోవాలి, బండి దొరికిందా అని చూసుకుంటూ ఉండేవాడివి.

గనుల ఎర్రదుమ్ము మీద వాళ్లు కట్టిన దుమ్ము పాటలో ఆఖరి చరణానికి ముందు అందరూ ఒక్కసారిగా ఆపేస్తారు. డ్రమ్ము ఉండదు, గిటారు ఉండదు. గట్టిగా ఊపిరి పీల్చుకునేంత సేపు ఏమీ ఉండదు. సరిగ్గా అప్పుడే నువ్వు జనాన్ని తోసుకుంటూ నా వెనక్కి వచ్చి గొంతు చించుకున్నావు.

"లచ్చీ... బస్సు పోతాండాది, బేగ రా మే!"

వాళ్లు ఆ రోజు పాటలన్నీ టేపు చేస్తున్నారని మనకేం తెలుసు?

నేను వెనక్కి తిరిగి కూడా చూడలేదు. బస్సు పోయింది. వడ్ల మూటల ట్రాక్టరు మీద ఇల్లు చేరాం. "బస్సు ఎవురి కోసరమూ నిలబడదు మే" అని దారంతా తిడుతూనే నీ తువ్వాలు తీసి నాకు కప్పావు.

కొన్ని నెలలకు ఆ క్యాసెట్ బజారులోకి వచ్చింది. ఇంట్లో పెట్టగానే పిండి కలుపుతున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది. కన్నతల్లికి కొడుకు గొంతు తెలియకుండా ఉంటుందా? కళ్ల డాక్టరు బండారమంతా బయటపడింది. "ఇంత మందిలో నా గొంతే దొరికిందా ఈళ్లకి" అని నువ్వు తల పట్టుకున్నావు. నేను మాత్రం ఆ ముక్క దగ్గర టేపు వెనక్కి తిప్పి తిప్పి నీకు వినిపించి ఏడిపించేదాన్ని.

తర్వాత వాళ్లు విడిపోయారు. ఎవరి ఉద్యోగాలు వాళ్లకు వచ్చాయి. పాట మాత్రం పోలేదు. ఎవరో దాన్ని యూట్యూబులో పెడితే కాలేజీ పిల్లలు నేర్చుకున్నారు, నీ అరుపుతో సహా! నువ్వు పాటలో భాగమే అనుకున్నారు పాపం. ఒకాయన పెద్ద వ్యాసమే రాశాడు. లచ్చి అంటే గనుల్లో చితికిపోయిన ఆడకూలీ అట, బస్సు అంటే చేజారిపోతున్న జీవితమట. నేను చదివి వినిపిస్తే నువ్వు అన్నం తింటూ పొలమారేలా నవ్వావు. "జీవితమూ లేదు, తొక్కా లేదు. అది రూపనగుడి బస్సప్పా!" అన్నావు.

నువ్వు పోయాక తెలిసింది అన్నా, నీ గొంతు ఆ పాటలో తప్ప మా దగ్గర ఎక్కడా లేదని.

ఫొటోలున్నాయి. పెళ్లి వీడియోలో కూడా ఉన్నావు, కానీ మేళం మోతలో పెదాలు కదలడమే కనిపిస్తుంది. ఫోన్‌లో వాయిస్ మెసేజీ పంపే అలవాటు నీకు లేదు. మాట్లాడితే "సరే, పెట్టెయ్" అనడమే. నా క్యాసెట్టుకు బూజు పట్టి టేపు అతుక్కుపోయింది. యూట్యూబులో ఉంది కదా అని ధైర్యంగా ఉన్నాను. రోజూ పడుకునే ముందు వినేదాన్ని. పోయిన నెల ఒకరోజు చూస్తే, లేదు.

వీళ్లు మళ్లీ కలిశారు కదా, పాటలన్నీ కొత్తగా రికార్డు చేశారట. పాతవి తీయించేశారు. పాత గాయకుడికి గొంతు పాడైపోయి, ఇప్పుడు ఒక అమ్మాయి పాడుతోంది. కొత్త దుమ్ము పాట పెట్టుకుని విన్నాను. ఆ ఖాళీ లేదు. అక్కడ గిటారుతో నింపేశారు. నువ్వు రెండోసారి పోయినట్టు అనిపించింది. ఎవరి మీద కోప్పడాలో తెలియక ఆ అమ్మాయి మీద కోపం పెంచుకున్నాను.

మొన్న అదే కాలేజీ మైదానంలో వాళ్ల కార్యక్రమం. నాకు పోవాలని లేదు. పనిలోంచి రాగానే పడుకోవాలనిపించింది. నీ మేనకోడలు పావని ఊరుకుంటే కదా! మామ మాట అక్కడైనా ఉంచారేమో చూద్దాం రా అమ్మా అని చెయ్యి పట్టి లాగింది. ఏడాది కానందువల్ల వదిన రాలేదు. ఉందో లేదో చూసి చెప్పు అని మాత్రం అంది. వద్దనే ఓపిక కూడా లేక పోయాను.

ఇప్పుడు స్టేజీకి ఆనుకుని నిలబడే వయసా నాది? వెనక గేటు దగ్గరే నిలబడ్డాను. కాసేపటికి తట్టింది... అది నీ చోటు. అక్కడి నుంచి స్టేజీ మీద మనుషులు వేలెడంత కనిపిస్తారు. పాట సరిగ్గా వినపడదు. రోడ్డు మీద పోయే బస్సులు మాత్రం బాగా కనిపిస్తాయి. అక్కడ అంతసేపు ఎలా నిలబడ్డావు అన్నా? విసుగు రాలేదా?

గిటారాయనకు బట్టతల వచ్చింది. డ్రమ్ములాయన పాటకూ పాటకూ మధ్య మోకాలు రుద్దుకున్నాడు. ఆ అమ్మాయిది యశ్వంతనగర్ అట, తండ్రి మైన్స్ లారీ తోలేవాడట. చూడకూడదనుకుంటూనే చూశాను. బాగా పాడింది అన్నా. పాతాయన లాగా పాడాలని చూడలేదు, తన గొంతుతోనే పాడింది. ఒప్పుకోవడానికి నాకు బాధగా ఉంది. ఒకరు పోయిన చోట ఇంకొకరు ఇంత బాగా ఎలా ఉండగలరు? ఉంటే పోయినవాళ్లకు ఏం మిగులుతుంది?

చివర్లో దుమ్ము పాట ఎత్తుకున్నారు. నా చెయ్యి పావని గట్టిగా పట్టుకుంది. ఆ చోటు రానే వచ్చింది. కొత్త పద్ధతిలోనే గిటారు మొదలైంది... అయిపోయింది, ఇక పోదాం అనుకున్నాను.

అంతలో జనం అరిచారు.

"లచ్చీ... బస్సు పోతాండాది, బేగ రా మే!"

మైదానం మొత్తం అరిచింది అన్నా. నువ్వు పోతాండాది అన్నచోట ఎలా సాగదీశావో అలాగే సాగదీసి మరీ. గిటారు తడబడి ఆగింది. ఆ అమ్మాయి బిత్తరపోయి మిగతావాళ్ల వైపు చూసింది. ఆ తర్వాత నవ్వి, మైకు కిందికి దించి, చెయ్యెత్తి వాయించేవాళ్లందరినీ ఆపమంది. పాత పాటలో లాగే అంతా ఆగిపోయింది. ఇంకోసారి అనమన్నట్టు జనం వైపు చెయ్యి చూపించింది. వాళ్లు మళ్లీ అరిచారు.

అది నీ గొంతు కాదు. నీ గొంతు ఇక దొరకదు, ఆ సంగతి నాకు అక్కడే అర్థమైంది. ఏడుపు ఆగలేదు. కానీ ముక్కూ మొహం తెలియని పిల్లలు వేలమంది నీ మాటతో నన్ను ఇంటికి పిలుస్తున్నారు. అప్పుడైతే నేను తిరిగి చూడలేదు. ఈసారి ఎలా ఊరుకోను?

"వస్తాండా అన్నా... ఆగు!" అని గట్టిగా అరిచాను.

పక్కనున్న పిల్లలు ఈ ముసలామెకు ఏమైందన్నట్టు చూసి నవ్వారు. పాట ముందుకు పోయింది. మేమూ బయటికి వచ్చి బస్సెక్కాం. ఈసారి తప్పిపోలేదులే. బస్సులోంచే వదినకు ఫోన్ చేసి, ఉంది వదినా, తీసేద్దామన్నా పోలేదు అని చెప్పాను. నీ మాట నీలాగే ఒకసారి అనమంది. బస్సులో అందరూ చూస్తున్నా అన్నాను. అవతల చాలాసేపు ఏడ్చింది. తర్వాత, నువ్వు తిన్నావా లేదా అని అడిగింది.

అలిసిపోయాను అన్నా. అయినా అప్పుడే రాను. పావని చదువు కావాలి, వదినను చూసుకోవాలి, తెల్లారితే మళ్లీ జేబులు కుట్టాలి. వచ్చే రోజు ఎలాగూ వస్తుంది. ఆ రోజు నువ్వు ఒక్కసారి పిలిస్తే చాలు, తిరిగి చూస్తాను.

అందాకా అక్కడ ఏ గేటు దగ్గరా నా కోసం నిలబడి ఉండకు. ఎక్కడైనా కాస్త కూర్చో.

నీ లచ్చి