గుడి బియ్యం

అమ్మకు, ప్రభువు దయవల్ల ఇక్కడ ఇద్దరమూ క్షేమం. ఊళ్ళో మాటలు నీ దాకా రాకముందే నేనే రాస్తున్నాను.

కొండల్లో వెదురు పూసింది, ఆ గింజలు తిని పెరిగిన ఎలుకలు వెనకే వచ్చి చేలన్నీ తినేశాయి. సారా కాస్తోందని సంఘంలోంచి వెలివేసిన హ్నియాంగ్ ఇంట్లో మూడు రోజులుగా పొయ్యి వెలగలేదు. ఆడవాళ్ళం వంటకు ముందు గుప్పెడు చొప్పున తీసి గుడికిచ్చే బియ్యం నా దగ్గరే ఉంటుంది కదా, అందులోంచి ఆమె పిల్లలకు ఒక డబ్బా పోశాను. సంఘపెద్దకు తెలిసిపోయింది.

"దేవుడి బియ్యం తీసుకెళ్ళి సారా కుండలో పోస్తావా అమ్మాయ్?" అన్నాడు.

"పిల్లల కడుపులో పోశాను మామయ్యా. తప్పయితే ఆ దేవుణ్ణే అడగనివ్వండి" అని నోరు జారాను.

ఆదివారం ఈ సంగతి తేల్చడానికి పెద్దలు కూర్చుంటున్నారు. ఈయన పాస్టరు పని పోతుందేమోనని నా భయం. ఈయనేమో బైబిలు ముందేసుకుని కూర్చున్నారు.

మీ వైపు ఎలుకలు వచ్చాయా? విత్తనాలు బుట్టలో ఉంచకు, రేకు డబ్బాలో దాచు. నాన్న దగ్గు తగ్గిందా? ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త ఉప్పు పంపు.

నాన్నకు వందనాలు. ప్రార్థనలో మా పేర్లతోపాటు హ్నియాంగ్ పేరు కూడా చెప్పమ్మా. ఇక్కడ గుడిలో ఆ పేరు ఎత్తనివ్వరు.

నీ కూతురు,
సుయి త్యాల్