మంగళవారం మిషను

అక్కా,

అటక మీద పడేసిన నీ పాత కుట్టు మిషను నాకు పంపించు. బాగు చేయించకు. ఎంత పాడై ఉంటే అంత మంచిది.

మీ మరిది ఊళ్లో మిషన్లన్నీ బాగుచేస్తాడు. ఇంట్లో మాత్రం మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉంటాడు. తింటాడు, గోడకేసి చూస్తాడు, పడుకుంటాడు. మా ఇంట్లో చప్పుడు చేసేది ఫ్యానొక్కటే.

రెండు వీధుల అవతల బట్టలు కుట్టే ఒకావిడ ఉంది. వాళ్లాయన పొద్దున పోతే చీకటి పడితే గానీ రాడు. ఆవిడ మిషను ప్రతి మంగళవారం పాడవుతుంది. ఆ రోజు ఈయన ఇస్త్రీ చొక్కా వేసుకుంటాడు. గ్రీజు పనికి ఇస్త్రీ చొక్కా ఎందుకో నువ్వే చెప్పు! నాకు ఒళ్లు మండిపోతుంది.

అందుకే మొన్న నా మిషను అడుగున ఉన్న స్క్రూ నేనే వదులు చేశాను. ఆయన గంటసేపు నా పక్కనే కూర్చున్నాడు. "చక్రం పట్టుకో. లైటు ఇటు తిప్పు. చెయ్యి జాగ్రత్త" అన్నాడు. పెళ్లయిన ఆరేళ్లలో ఒక్కపూట ఇన్ని మాటలు వినలేదక్కా.

లేచేటప్పుడు తల గోక్కున్నాడు.

"విచిత్రంగా ఉందే! ఆవిడ మిషనుకీ ప్రతివారం ఇదే స్క్రూ. దానంతటది వదులయ్యేది కాదు."

ఆవిడ కూడా అక్కడ గోడలు చూస్తూ కూర్చుంటోందని నాకర్థమైంది. జాలేసింది.

కానీ ఆ జాలి మంగళవారం దాకా నిలవదు. ఆవిడకున్నది ఒక్క స్క్రూ. నీ మిషను మొత్తం పాడైపోయింది కదా, సోమవారానికల్లా అందేలా పంపించు.

నీ చెల్లెలు