నాయన దవడ పళ్లు

నాయనా,

నీ సంవత్సరీకం ముగించుకుని ఈరోజే హిందూపురంలో క్లినిక్ మళ్లీ తెరిచాను. ఆమడగూరు రైతు ఒకాయన వచ్చి, రూట్ కెనాల్ చేసిన దవడ పన్నుకు ఏ ఫిల్లింగ్ మంచిదని అడిగాడు.

నేను కొత్తగా డాక్టరైనప్పుడు నీ దవడ పళ్లు రెండింటికి రూట్ కెనాల్ చేశాను. పుస్తకం మాట నమ్మని మనిషివి నువ్వు. "ఒక పక్క వెండిది, ఒక పక్క తెల్లది పెట్టమ్మా. చెనక్కాయలు కొరికి చూసి చెప్తాలే" అన్నావు. ఏటా వేరుశెనగ కాయలు ఎండాయో లేదో చూసే వంకతో రెండు పక్కలా కొరికి, ఫోన్ చేసి చెప్పేవాడివి. తెల్లది కాస్త అరిగినా పన్ను నిలిచింది. వెండిది చెక్కుచెదరలేదు గానీ, దాని చుట్టూ ఉన్న పన్ను గోడ విరిగింది. దానికి క్యాప్ తొడుగు వేశాక మళ్లీ కొరికావు, ఈసారి ఏమీ కాలేదు.

అందుకే ఆయనకు తెల్లది పెట్టి, పైన తొడుగు వేయించుకోమన్నాను.

"ఇదంతా యాడ నేర్చుకుంటివమ్మా?" అన్నాడు.

"మా నాయన నోట్లో" అన్నాను.