బోర్డు మీద లేని గీత

గురువారం

ఇవాళ పామర్రు ప్రభుత్వ కాలేజీలో ఇంటర్ పిల్లలకి ఎకనామిక్స్ చెబుతూ బోర్డు మీద రెండు గీతలు గీశాను. చదువు మీద మన ప్రభుత్వం పెట్టే ఖర్చు ఒకటి, దక్షిణ కొరియాది ఇంకొకటి. ఏళ్లు గడిచేకొద్దీ వాళ్ల గీత ఎలా పైకి పోయిందో చూపించి, "మనకి చదువు మీద ఖర్చు పెట్టే అలవాటే లేదర్రా" అనేశాను.

రెండో బెంచీలోంచి శ్రావణి లేచింది. "మా అన్నయ్యని విజయవాడలో ప్రైవేటు కాలేజీలో వేయడానికి మా నాన్న అరెకరం అమ్మారండి. అది ఏ గీతలో ఉంది మేడం?"

"అది ప్రభుత్వ ఖర్చు కాదమ్మా" అన్నాను.

"నా వంతుకి ఏమీ మిగల్లేదని నన్నిక్కడ వేశారండి" అని కూర్చుంది.

బస్సులో ఇంటికొస్తున్నంతసేపూ అదే ఆలోచన. రాత్రి నిద్ర పట్టక ఇప్పటికి మూడుసార్లు లేచి మంచినీళ్లు తాగాను. నా జీతం ఆ ప్రభుత్వ గీతలోదే. అందులోంచే తీసి విజయవాడ గుణదలలో ప్రైవేటు కాలేజీకి మా పాప ఫీజు కడుతున్నాను. పాపని నా క్లాసులో కూర్చోబెట్టాలని నాకెప్పుడూ తోచనైనా లేదు.

మీ అమ్మాయి ఎక్కడ చదువుతోందని శ్రావణి ఇవాళ అడగలేదు. రేపు ఫస్ట్ పీరియడ్ నాదే.