గెలిస్తే మనవాళ్ళే

ఫార్మింగ్టన్ హిల్స్, అమెరికా, ఆగస్టు 2012

ఏమండీ,

మీరు పోయి ఇవాళ్టికి నాలుగేళ్ళు. తద్దినం భోజనాలయ్యాక పక్కింటికి వెళ్ళాను. మీ స్నేహితుడు, ఇంగ్లీషు డెరెక్, అతని ఐరిష్ భార్య నోరా ఒలింపిక్స్ చూస్తున్నారు. ఐర్లండ్ బాక్సర్ గెలవగానే డెరెక్ చప్పట్లు కొట్టి, “మనకింకో గోల్డ్!” అన్నాడు.

నోరాకి మండింది. “మనకేమిటి, మాకు! గెలిస్తే బ్రిటిష్, తాగి పడితే ఐరిష్. మీ ఇంగ్లీషువాళ్ళ వరసే అది.”

“ఊరుకో డియర్, చిన్న దీవులు, అందరం ఒకటేగా?”

“మా దేశం లాక్కున్నప్పుడూ ఇదే అన్నారు!”

నేను పడీపడీ నవ్వాను. డెరెక్ నాకేసి తిరిగాడు. “మీ ఆయనుంటే నా వైపే మాట్లాడేవాడు. ఆంధ్రాలో కంపెనీ పాలన మీద ఎంత గొప్ప పుస్తకం రాశాడు!”

నా నవ్వు అక్కడితో ఆగింది.

కారు బ్రేకుల ఇంజనీరు మీరు. చరిత్రలో ఎమ్మే నాది. మూడు శీతాకాలాలు వంటింటి బల్ల మీద ఆ పుస్తకం రాసింది నేను. మీ పేరుంటేనే జనం చదువుతారన్నారు, సరేనన్నాను. ముందుమాటలో “టైపు చేసిపెట్టిన శ్రీమతికి” కృతజ్ఞతలు చెప్పారు. ఎవరైనా మెచ్చుకుంటే వినయంగా తల వంచారు. ఎవరైనా తప్పు పట్టుకుంటే, “మా ఆవిడ టైపింగు” అన్నారు. నోరా చెప్పిన వరసే మన ఇంట్లోనూ నడిచింది.

మన ఊరి లైబ్రరీవాళ్ళు స్థానిక రచయితల అరలో ఆ పుస్తకం పెడతామని ఫారం పంపారు. వారం నుంచి బల్ల మీదే ఉంది. ఇంటికొచ్చి, రచయిత పేరు దగ్గర నా పేరు రాసి పోస్టు చేశాను. మీకు అభ్యంతరమైతే వచ్చి పోట్లాడండి. ఎక్కడికీ వెళ్ళను, ఇంట్లోనే ఉంటాను.

సుభద్ర