తుపాకీకి ఊపిరి

ఒరే చిన్నోడా,

ఈ ఉత్తరం రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. నీకు చదివే తీరిక ఉండదు, నాకు సూటిగా రాసే అలవాటు లేదు. కానీ మీ దళానికి కొత్త తుపాకులు ఇచ్చారని రేడియోలో విని, అవి మీరు పరీక్షించినవేనా అని మీ వదిన అడిగింది. అవునన్నాను. ఆ అవును నీకూ చెప్పకపోతే కడుపుబ్బరంగా ఉంది.

మీరు చేసే ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే తుపాకుల్ని హింసించడం అని చెప్తూ వచ్చాను. అబద్ధమేం కాదు. నీ చేతిలో ఉన్న రకాన్ని బురదగుంటలో తొక్కాం. ఇసుక పెట్టెలో పడేసి ఫ్యాను తిప్పాం. మంచు గదిలో గడ్డకట్టించాం, వేడి గదిలో వేయించాం. మేడమీంచి గచ్చు మీదికి విసిరేశాం. చెవిటాయన ఉన్నాడుగా, నాతోపాటు పనిలో చేరి తుపాకుల మోతకు చెవులు అప్పగించుకున్నవాడు, దాని మీదుగా లారీ కూడా నడిపించాడు. దులిపి నొక్కితే మళ్లీ పేలింది. స్ప్రింగులు సాగాయి, గొట్టం లోపలి గాడులు అరిగాయి, అయినా మొరాయించలేదు. మన నాన్నకంటే మొండిది.

ఒక్క విషయంలో మాత్రం దాన్ని ముద్దుచేస్తాం. మ్యాగజైను మీద మ్యాగజైను కాల్చాక బోల్టు వెనక్కి లాగి, లోపలి తూటా తీసేసి, గోడకున్న కొక్కేనికి తగిలిస్తాం. గొట్టం చల్లారేదాకా ఎవరూ ముట్టుకోరు. ఊపిరివ్వడం అంటాం దాన్ని. ఊపిరి తుపాకీకి, సిగరెట్టు మాకు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. నేను చేరేనాటికే ఆ కొక్కెం తుప్పుపట్టి గోడలో కలిసిపోయింది.

కాబట్టి నిశ్చింతగా ఉండు. అది నిన్ను మోసం చెయ్యదు. అది పరీక్షలో నెగ్గిందని రాసిన కాగితం కింద నా సంతకం ఉంది.

నీకు మీసాలు రాకముందే తలనెరిసిన
అన్నయ్య

*

అన్నయ్యా,

సామాన్ల గదిలోంచి రాస్తున్నాను. తలుపుకి బయట గొళ్లెం పెట్టారు. కాపలా ఉన్నవాడు మొన్నటిదాకా నా పక్కన పడుకున్నవాడే. ఇప్పుడు నా కళ్లలోకి చూడడు.

తెల్లారుతుండగా శత్రువులు మా కందకం మీద పడ్డారు. పొగలోంచి వస్తూనే ఉన్నారు. మీ తుపాకీ ఒక్కసారి కూడా ఆగలేదు. గొట్టానికి నా అరచేతి తోలు అంటుకుని ఊడొచ్చింది. ఒకడు ఇసుక బస్తాల పైకి ఎక్కితే మొహంలోకి కాల్చాను. వాడి పళ్లు నా చొక్కా మీద రాలాయి. తర్వాత ఉన్నట్టుండి అంతా ఆగిపోయింది. మళ్లీ వస్తారేమోనని తూటా లోపలే ఉంచి, తుపాకీని బస్తాల మీద పెట్టి, చేతికి గుడ్డ చుట్టుకుంటున్నాను. మా సార్జెంటు ఎవరు బతికున్నారో చూసుకుంటూ వంగి అటుగా వచ్చాడు. తుపాకీ పేలింది. గుండు ఆయన మెడలోంచి పోయింది. రెండు చేతులతో గొంతు పట్టుకుని నావైపే చూస్తూ కూలిపోయాడు. ఏదో అనబోయాడు. మాట రాలేదు, నెత్తురు వచ్చింది.

ముందురోజే ఆయనకూ నాకూ గొడవ. నా మగ్గు తీసుకుని ఎంతడిగినా తిరిగివ్వలేదు. అందరిముందూ "నీ సంగతి చూస్తా" అన్నాను. ఇప్పుడా మాటే సాక్ష్యం. విచారణాధికారి మీ పరీక్షశాల కాగితం చదివి వినిపించాడు. ఏ పరిస్థితిలోనూ తనంతట తాను పేలదట. కింద నీ సంతకం చూపించాడు. నేరం రుజువైతే గోడకు నిలబెట్టి కాల్చేస్తారు. అందుకూ ఈ రకం తుపాకులే వాడతారని కాపలావాడు చెప్పాడు.

నేను ట్రిగ్గరు ముట్టుకోలేదు. నువ్వైనా నమ్ముతావా?

చిన్నోడు

*

చిన్నోడా,

నమ్ముతాను. నమ్మి ఊరుకుంటే నీకు లాభం లేదు గనక జరిగింది రాస్తున్నాను.

కాలిపోతున్న గొట్టం, లోపల తూటా. ఈ రెండూ మా దగ్గర ఎప్పుడూ కలిసి లేవు. ఆ వేడికే తూటా తనంతట తాను అంటుకుని ఉంటుంది. బురదలో, ఇసుకలో, మంచులో దాన్ని చంపినంత పని చేసి, సరిగ్గా అక్కడికొచ్చేసరికి ఊపిరిచ్చాం. సిగరెట్లకు వెళ్లాం.

మా పరీక్షశాల సూపరింటెండెంటుకు చెప్పాను. ముగిసిన పరీక్షను తమ్ముడి కోసం తిరగదోడతావా అన్నాడు. చెడ్డవాడు కాదు. కుండీల్లో మొక్కలకు పేర్లు పెట్టి పిలుస్తాడు, మమ్మల్ని మాత్రం ఓయ్ అంటాడు. బతిమాలితే చివరికి వచ్చి చూస్తానన్నాడు.

తుపాకీని బల్లకు బిగించాం. నేనూ చెవిటాయనా వంతులవారీగా ఆపకుండా కాల్చాం. గొట్టం మీద గాలి వణుకుతుండగా ఇంకో తూటా ఎక్కించి, పక్కకు తప్పుకున్నాం. సూపరింటెండెంటు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఏమీ కాలేదు.

"ఏదయ్యా నీ దయ్యం?" అన్నాడు నవ్వుతూ. వేడి ఎంతుందో చూద్దామని గొట్టం మూతి ముందు అరచెయ్యి చాపాడు.

"చెయ్యి తియ్యండి సార్" అని నేను అనేలోపే పేలింది.

బొటనవేలూ చిటికెనవేలూ మిగిలాయి. మధ్యవి వెనక గోడకు అంటుకున్నాయి. నా అరుపు వినపడని చెవిటాయన, మొహం మీద నెత్తురు పడ్డాక తిరిగి చూసి, తన చొక్కా చింపి కట్టు కట్టాడు. సూపరింటెండెంటు అరవలేదు. తన చేతిని ఎవరిదో అన్నట్టు చూస్తూ, "ట్రిగ్గరు ఎవరు నొక్కారు?" అన్నాడు. ఎవరూ లేరన్నాను.

ఆసుపత్రి మంచం మీదే అదంతా తానే చెప్పి రాయించి, ఎడమచేత్తో సంతకం పెట్టాడు. పాత కాగితం మీద నా సంతకం కొట్టేశాను. రెండూ జతచేసి, మీవైపు మందులు తెస్తున్న లారీ డ్రైవరు చేతికిస్తున్నాను. వేళకు చేరిందో లేదో నీ జవాబే చెప్పాలి. అందాకా ఇంట్లో ఎవరం సరిగా తినం.

అన్నయ్య

*

అన్నయ్యా,

చేరింది. ఇదేం సంతకం, పిల్లాడి గీతల్లా ఉంది అన్నాడు అధికారి. చదివాక కేసు కొట్టేశాడు. గొళ్లెం తీశారు. మీరంతా తినండి.

కందకం పొడవునా మేకులు కొట్టాం. కాల్పులు ఆగగానే ఎవరో ఒకరు "ఊపిరి" అని కేకేస్తారు. అందరం తూటా తీసి తగిలిస్తాం. ఈ సంగతి అవతలివాళ్లూ కనిపెట్టినట్టున్నారు. నిన్న ఆ కేక వినగానే మీద పడ్డారు. నాకు కాపలా కాసినవాడి కడుపులో కత్తి దిగింది. పేగులు ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి మేకు వైపు చాచి చనిపోయాడు. చివరిదాకా నా కళ్లలోకే చూశాడు.

సార్జెంటు సామాన్లు వాళ్లింటికి పంపాలి, మూట కట్టమని నాకే చెప్పారు. నా మగ్గు అందులో ఉంది. కడిగి, తుడిచి, మళ్లీ ఆ మూటలోనే పెట్టాను.

చిన్నోడు